నీ సమాధి మీద గడ్డి

బావా,

రేపు సమాధుల పండగ. నువ్వు పోయాక ఇదే మొదటిది. మన ఊరి చర్చి వెనక సమాధుల తోటలో నువ్వు గడ్డిమందు కొట్టనిచ్చేవాడివి కాదు. "సచ్చిపోయినోళ్లకి గడ్డి అడ్డమేటి బావా? పిట్టలైనా బతుకుతాయి" అనేవాడివి. నువ్వు ఆటోనగర్ షెడ్డులో పనికి వెళ్లిన రోజు చూసి, నేనోసారి మందు కొట్టించాను. నెల్లాళ్లు నాతో మాట్లాడలేదు నువ్వు.

ఈ ఏడు సంఘ పెద్దలు మళ్లీ మందు డబ్బా తెచ్చారు. నేను వద్దని చెప్పి, కొడవలి పట్టి ఒక్కో సమాధీ బాగుచేస్తూ వచ్చాను. నీ దగ్గరికి వచ్చేసరికి గడ్డిలోంచి కౌజుపిట్ట ఒకటి లేచిపోయింది. శిలువ పక్కనే ఐదు గుడ్లు.

ఇంతలో మా చెల్లి మార్తమ్మ సున్నం బకెట్‌తో వచ్చింది. "అందరియ్యీ తెల్లగుంటే మా ఆయనది ఒక్కటే ఇలాగుండాలేటి అన్నియ్యా?" అని ఏడ్చింది. గుడ్లు చూపించాను. "ఆయనుంటే ముట్టనివ్వడు" అని బకెట్ పట్టుకుని వెళ్లిపోయింది.

రేపు నీ కొవ్వొత్తి దూరంగా, గోడ దగ్గర వెలిగిస్తాం. గడ్డిలో నీ పేరు కనబడటం లేదు బావా. వచ్చేముందు వేళ్లతో గడ్డి పక్కకి తీసి, ఒక్కసారి చదువుకుని, మళ్లీ కప్పేశాను.