సర్వీస్ డబ్బా

నవంబరు 13, 2020, శుక్రవారం

ప్రసన్న అంకుల్ ఫోన్ చేశాడు, ఎనిమిది నెలల తర్వాత. ముందు ఫోన్‌లోనే ప్రార్థన చేశాడు. అప్పుడే అనుకున్నాను, ఎక్కడో కోత ఉందని.

ఏలీము సీ ఫుడ్ మళ్ళీ తెరుస్తున్నాడట, ఇరవై మూడో తారీకున. మా దీవిలో టూరిస్టులు కరోనా టెస్ట్ రిపోర్టులు పట్టుకుని విమానాలు దిగుతున్నారట. రమ్మన్నాడు. జీతం మాత్రం ప్రస్తుతానికి సగమే. టిప్స్ అన్నీ మీవే, వాటిలో నేను వేలు పెట్టను, దేవుడు సాక్షి అన్నాడు.

సరే అన్నాను. అనక ఏం చేస్తాను? లాక్‌డౌన్‌లో బతు బస్తీలో మా ఇంటి ముందు ఇడ్లీలు పెట్టాను. వీధిలో నలుగురం ఇడ్లీలు అమ్ముతుంటే కొనేవాడెవడు? మిగిలినవి అమ్మా నేనూ రాత్రికి తినేవాళ్ళం. ఇడ్లీ చూస్తేనే ఇప్పుడు మొహం తిప్పుకుంటాను.

తొమ్మిదేళ్ళు ఆ హోటల్లో వడ్డించాను. ఆయన మా చర్చి పెద్ద కూడా. అందుకే ఆదివారం అంకుల్, సోమవారం ఓనరు.

నవంబరు 16, సోమవారం

రోజంతా కడగడమే. కుర్చీలకి బూజు, ఫ్యాన్లకి తుప్పు, ఫ్రిజ్ తెరిస్తే చచ్చిన ఎలక. హోటల్ ఉన్న హాడో రేవులో ఉప్పు గాలి ఇనుమునే తింటుంది, ఎలక ఒక లెక్కా.

అసిరమ్మ వచ్చింది. చేపలు కోసే కత్తిని పాత చీర ముక్కలో చుట్టి, పసిపిల్లని తెచ్చినట్టు తెచ్చుకుంది. ఎనిమిది నెలలూ పదును పోకుండా రాస్తూనే ఉందట. దేన్ని కోయడానికో అడగలేదు.

కౌంటర్ కింద మా బిస్కెట్ల టిన్ను దొరికింది. మా టిప్స్ డబ్బా అదే. కస్టమర్ ఎవరికిచ్చినా అందులోనే వేయాలి. శనివారం లంచ్ అయ్యాక అందరి ముందూ మూత తీసి, బల్ల మీద పోసి, సమానంగా పంచుకుంటాం. నాకెంతో, వెనక చేపలు కడిగే అసిరమ్మకీ అంతే. ఆవిడ మొహం ఏ టూరిస్టూ చూడడు. ఆవిడ కడిగిన చేప తిని వేళ్ళు నాక్కుంటాడు, అంతే. కాబట్టి ఈ డబ్బా లేకపోతే ఆవిడకి టిప్పు అనేదే లేదు.

మీద అంటించిన కాగితాన్ని చెదలు తినేశాయి. కొత్తది రాయబోతుంటే అంకుల్ వచ్చి, టిప్స్ అని రాస్తే చెయ్యి చాచినట్టుంటుంది, కాస్త గౌరవంగా రాయమన్నాడు. ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో ‘ఫర్ సర్వీస్’ అని రాశాను.

ఏం రాశావని అసిరమ్మ అడిగింది. చెప్పాను.

“సర్వీసంటే గవర్మెంటుదేనా పాపా? ఐతే ఇన్నాళ్ళకి నాకూ సర్వీసొచ్చినట్టే,” అని తడి చేతులు చరుచుకుంటూ నవ్వింది. ఈ ఊళ్ళో సర్వీస్ అంటే సర్కారీ ఉద్యోగమే మరి. పిల్లనివ్వాలన్నా ముందు అడిగేది అదే. అబ్బాయి సర్వీస్‌లో ఉన్నాడా?

నవంబరు 18

మా వంటమాస్టరు ఉమేష్ భయ్యా వచ్చాడు. వంటగదిలో కాలు పెట్టి, పెనం మీద వేలితో గీసి, వేలు చూసుకుని, ఒక బూతు మాట అన్నాడు. హమ్మయ్య, ఏలీము మళ్ళీ ఏలీములాగే ఉంది.

నవంబరు 21, శనివారం, సాయంత్రం

మనసు నిండిపోయింది. రాయకుండా ఉండలేను.

హోటల్లో కృతజ్ఞత కూడిక పెట్టాడు అంకుల్. చర్చి నుంచి పాతికమంది దాకా వచ్చారు. కుర్చీలు దూరం దూరంగా, మూతులకి మాస్కులు. పాటలు పాడుతుంటే దుప్పట్లో ముసుగేసుకుని పాడినట్టుంది. ఏలీము అంటే ఎడారిలో నీళ్ళు దొరికిన చోటని పాస్టరు గారు చెప్పారు. నేనూ అసిరమ్మా కేకూ టీ ఇచ్చాం.

వెళ్ళేటప్పుడు చూశాను. పింఛను మీద బతికే అమ్మడు మామ్మ గుమ్మం పక్కన కౌంటర్ దగ్గర ఆగి, మా డబ్బాలో ఒక కవరు వేసింది. ఆవిడ వెనక ఇంకొకరు. ఆ వెనక వరసగా అందరూ. డబ్బా మూత పట్టనంత నిండింది.

ట్రే పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఏడుపొచ్చింది, సిగ్గు లేకుండా ఏడ్చాను. ఎనిమిది నెలలు ఎలా బతికారని మమ్మల్ని ఒక్కరూ అడగలేదని ఎంత తిట్టుకున్నానో వాళ్ళని. అందరికీ తెలుసన్నమాట. అడగడానికి మొహమాటపడ్డారన్నమాట. కప్పు టీకి అంత టిప్పు ఎవరేస్తారు?

అసిరమ్మతో చెప్తే నమ్మలేదు. సోమవారం మూత తీద్దాం, శనివారం దాకా ఆగొద్దు అనుకున్నాం.

నవంబరు 22, ఆదివారం

ఎంత వెర్రిదాన్ని!

పొద్దున చర్చికి తయారవుతూ అమ్మతో చెప్పాను, మన వాళ్ళు మాకు ఎంత టిప్పు వేశారో అని. అమ్మ జడ అల్లుకోవడం ఆపేసి నా మొహం చూసింది. టిప్పేమిటే, నేనూ వేశాను, దేవుడి కానుక కదా అంది.

చర్చి మళ్ళీ తెరిచాక కానుకల సంచి చేతులు మారకూడదని మానేశారు. గుమ్మం దగ్గర డబ్బా పెడుతున్నారు, బయటికి వెళ్ళేటప్పుడు అందులో వేసి వెళ్ళాలి. నిన్న ఏలీములో కూడా గుమ్మం పక్కన డబ్బా ఉంది, దాని మీద ‘ఫర్ సర్వీస్’ అని ఉంది. ఆదివారం ఆరాధనని మేమంతా సర్వీస్ అనే అంటాం. ఇంకేం కావాలి?

రాసింది నా చేయి. రాయించింది ఆయన నోరు.

చర్చిలో ప్రసన్న అంకుల్ ఎప్పటిలాగే తన కానుక నోటుని నాలుగు మడతలు పెట్టి, బొటనవేలితో చదునుగా నొక్కి వేశాడు. ఎంత వేశాడో పక్కవాడికి తెలియకూడదని. మేమంతా కవర్లలో వేస్తాం, అలా మడిచేది ఆయనొక్కడే. చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. ఒకప్పుడు ముచ్చటగా ఉండేది.

నవంబరు 23, సోమవారం

తెరిచాం. కౌంటర్ మీద డబ్బా లేదు.

అంకుల్‌ని అడిగాను. ఇంట్లో భద్రంగా ఉంది, అది దేవుడి సొమ్మమ్మా, అందులో చెయ్యి పెడతావా అన్నాడు. దేవుడి సొమ్ము దేవుడికిచ్చేయండి, డబ్బా మాది, ఖాళీ డబ్బా ఇవ్వండి చాలు అన్నాను. చూద్దాం అన్నాడు. ఆయన చూద్దాం అంటే చూడడని అర్థం.

నవంబరు 25

ఇప్పుడు ప్రతి టేబుల్ మీదా క్యూఆర్ కార్డు. డబ్బు ముట్టుకుంటే కరోనా అట. కోల్‌కతా నుంచి వచ్చిన కుటుంబం పీతల కూర తిని, ఆవిడ నాకోసం అని చెప్పి మరీ స్కాన్ చేసింది. నెట్‌వర్క్ గిరగిరా తిరిగి తిరిగి, చివరికి డబ్బు వెళ్ళింది. టింగుమన్నది అంకుల్ జేబులో ఫోను.

సాయంత్రం అడిగితే నెలాఖరున సర్దుదాం అన్నాడు.

మాస్కు వెనక నవ్వినా ఎవరికీ కనబడదు. అద్దం ముందు కళ్ళతో నవ్వడం నేర్చుకుంటున్నాను. ఎండలో పడుకున్న పిల్లిలా ఉంది నా మొహం.

నవంబరు 27, శుక్రవారం

ఉమేష్ భయ్యా వెళ్ళిపోతానంటున్నాడు. హ్యావ్‌లాక్ దీవిలో ఒక రిసార్ట్ వాళ్ళు పిలిచారట. సోమవారం పొద్దున బోటు.

“దీదీ, ఆధీ పగార్ మే ఆధా ఖానా బనావూఁ క్యా?” అన్నాడు నాతో. సగం జీతానికి కూర సగం ఉడికించి దింపేయనా అని. టిప్స్ మీవే అన్న మాట మీదే అందరం ఒప్పుకున్నాం. ఆ మాట పోతే ఇక్కడ ఎందుకుండాలి అంటాడు. నిజమే. కానీ అతను వెళ్తే వంట లేదు. వంట లేకపోతే ఏలీము లేదు. నాకు మళ్ళీ ఇడ్లీలు. అసిరమ్మకి అవి కూడా లేవు.

అంకుల్ దగ్గరికి వెళ్ళాను. ఈసారి ఆయన మాట దాచలేదు. ఆ కానుక చర్చికి ఇవ్వలేదట. గ్యాస్ వాడు పాత బాకీ తీర్చందే సిలిండర్ దింపనన్నాడట.

“గ్యాస్ లేకపోతే ఏలీము లేదు. ఏలీము లేకపోతే మీరు లేరు. అదీ సర్వీసే కదమ్మా,” అన్నాడు.

ఆయన కళ్ళ కింద నల్లగా ఉంది. ఆంటీ చేతులకి బంగారు గాజులు లేవని కూడిక రోజే గమనించాను. జాలేసింది. జాలేసినందుకు నా మీద నాకే కోపమొచ్చింది.

నవంబరు 28, శనివారం

లంచ్ అయ్యాక అసిరమ్మ చేతులు సబ్బుతో కడుక్కుని, నిమ్మకాయ చెక్కతో రుద్దుకుని, ఎప్పుడూ డబ్బా తెరిచే బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది. డబ్బా లేదని ఆవిడకి తెలుసు. అయినా కూర్చుంది. కాసేపటికి లేచి, బల్ల తుడిచి, లోపలికి వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చి రేపు చర్చిలో మాట్లాడతానని అమ్మతో అన్నాను. అమ్మ భయపడిపోయింది.

“పెద్దలతో గొడవ పెట్టుకుంటే రేపు నేను పోతే నా పెట్టె మోసేదెవరే?” అంది.

అమ్మ అన్నదీ నిజమే. ఈ దీవిలో మాకు చర్చి వాళ్ళే చుట్టాలు, చర్చి వాళ్ళే పక్కాలు.

నవంబరు 29, ఆదివారం, మధ్యాహ్నం

చర్చి నుంచి రాగానే రాస్తున్నాను.

సాక్ష్యాలు చెప్పేవాళ్ళుంటే చెప్పండి అన్నారు పాస్టరు గారు. జ్వరం తగ్గినవాళ్ళు, రిపోర్టు నెగెటివ్ వచ్చినవాళ్ళు లేచి చెప్పారు. నేనూ లేచాను. అమ్మ నా చున్నీ పట్టుకుని లాగింది. లాగనిచ్చాను, కూర్చోలేదు.

నేను ఎవరి మీదా ఫిర్యాదు చేయలేదు. సాక్ష్యంలో ఫిర్యాదు చేయకూడదు. స్తోత్రం చెప్పాను. మొన్న ఏలీము కూడికలో మీరంతా పనివాళ్ళ డబ్బాలో వేసి మమ్మల్ని ఆదుకున్నందుకు దేవునికి స్తోత్రం అన్నాను. ముందు వరసలో ఇద్దరు అలవాటుగా స్తోత్రం అన్నారు.

అమ్మడు మామ్మ కర్ర ఊనుకుని లేచింది. నా పింఛనులోంచి దేవుడికి వేశాను గానీ పనివాళ్ళకెప్పుడు వేశానమ్మా అంది. ఇంకొకాయన కూడా అదే మాట. పాస్టరు గారు కోశాధికారి వైపు చూశారు. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఏలీము కానుక చర్చికి రాలేదు.

ఇలా అవుతుందని నాకు తెలియదా? తెలుసు. రాత్రంతా ఆలోచించిందే ఇది.

ప్రసన్న అంకుల్ తనే లేచి నిలబడ్డాడు. ఆయన అబద్ధం చెప్తాడనుకున్నాను. చెప్పి ఉంటే బాగుండేది, నాకు ఇంత బరువు ఉండేది కాదు.

“నేనే వాడాను. గ్యాస్‌కి కట్టాను,” అన్నాడు.

కూర్చోలేదు, అలాగే నిలబడ్డాడు.

సర్వీస్ అయ్యాక పెద్దలు లోపల కూర్చుని తేల్చారట. ఆ డబ్బు ఆయన చర్చికి తిరిగి కట్టాలి. అది కట్టేదాకా ప్రభువు బల్ల దగ్గరికి రాకూడదు. పనివాళ్ళ డబ్బా పనివాళ్ళకివ్వాలి. నాకు కావలసింది ఆ చివరి మాటొక్కటే. రొట్టె, ద్రాక్షరసం మానిపించమని నేను అడగలేదు.

దారి పొడుగునా అమ్మ నాకంటే పది అడుగులు ముందే నడిచింది.

నవంబరు 30, సోమవారం

పొమ్మంటాడనుకునే వెళ్ళాను. కౌంటర్ మీద డబ్బా ఉంది. టేబుళ్ళ మీద క్యూఆర్ కార్డులు లేవు. అంకుల్ నా వైపు చూడలేదు.

లోపల ఉల్లిపాయలు తరిగే చప్పుడు. ఉమేష్ భయ్యా బోటు ఎక్కలేదు.

డిసెంబరు 5, శనివారం

మూత తీశాం. పెద్దగా ఏమీ లేదు. అయినా నలుగురికి కనబడేలా బల్ల మీద పోసి పంచుకుంటే ఏదో తృప్తి.

డబ్బా మీద కాగితం చించేసి ‘టిప్స్’ అని రాశాను. చెయ్యి చాచినట్టుంటే ఉండనీ. ఇప్పుడేం రాశావని అసిరమ్మ అడిగింది. చెప్పాను.

“ఐతే మన సర్వీసు పోనాదేటి?” అంది మొహం చిన్నబుచ్చుకుని. నవ్వలేక చచ్చాను.

డిసెంబరు 6, ఆదివారం

నెల మొదటి ఆదివారం, బల్ల ఆచరించే రోజు. అందరం వరసగా లేచాం. ప్రసన్న అంకుల్ ఆఖరి బెంచీలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళుగా రొట్టె పళ్ళెం పట్టుకునేది ఆయనే.

రొట్టె చేతిలో పట్టుకుని ఆ బెంచీ వైపు చూశాను. నేను చేసింది న్యాయమే. మళ్ళీ అదే చేయాల్సి వస్తే అదే చేస్తాను. అయినా అందరూ తిన్నాక గానీ నేను నోట్లో పెట్టుకోలేదు.

డిసెంబరు 12, శనివారం

మూత తీశాం. చిల్లర, పదులు, ఇరవైలు. అడుగున ఒక నోటు. నాలుగు మడతలు, బొటనవేలితో నొక్కినట్టు చదునుగా ఉంది.

అంకుల్ కౌంటర్ దగ్గర లేడు.

ఎవరిదో చెప్తే, పంపకంలో కలపొద్దన్నాడు ఉమేష్ భయ్యా. అసిరమ్మ చేతిలో పెట్టాను. ఎంతో చూసుకోమన్నాను. విప్పకుండానే కొంగున ముడేసుకుంది.