పదకొండో చేను

జూన్ 2
కంప్యూటర్లో ద్వీపం ఆట అయిపోయింది. అబ్బో, ఎన్ని అవార్డులో దీనికి! పేరు గొప్ప, ఊరు దిబ్బ. సముద్రం మధ్య దీవి, దీవిలో ఖాళీ ఇల్లు, ప్రతి సొరుగులోనూ చచ్చిపోయినావిడ రాసిన ఉత్తరం. అన్నేసి ఉత్తరాలు రాసినావిడ ఒక్క పూట అన్నం వండుకున్న జాడ లేదు. వంటింట్లో గిన్నె కూడా లేదు. ఆరు గంటలు తిరిగాను. మనిషి మొహం కనపడితే ఒట్టు.

జూన్ 3
అద్దాల ఆట. వెలుగుని ఒక అద్దం మీంచి ఇంకో అద్దం మీదికి తిప్పాలి. తలుపు తెరుచుకుంటుంది. తలుపు వెనక — మళ్ళీ అద్దాలు. మంగలి షాపు నయం, అక్కడ కబుర్లయినా ఉంటాయి.

జూన్ 4
మా ఆట పోటీకి పంపడానికి గడువు పదిహేనో తారీఖు. 'మా' ఆట... అలవాటు పోలేదు. నేనూ నస్రీన్ రెండేళ్ళు కూర్చుని చేసింది మరి. ఒక కాలవ, దాని మీద తూములు, కింద పన్నెండు చేలు. ఏ తూము ఎప్పుడు ఎత్తాలో తేల్చుకుని అన్ని చేలూ తడపాలి. కోడ్ నాది, బొమ్మలు తనవి.

ఏప్రిల్లో రైతుల్ని తీసేశాను. గట్టు మీద నిలబడి వాళ్ళు అరుస్తుంటే ఆట నెమ్మదిస్తోంది, పజిల్ మీంచి దృష్టి పోతోంది. "మనుషులు అడ్డం నస్రీన్" అన్నాను. తను గీసినవి నలభై మొహాలు. "అడ్డమా?" అంది. అంతే. ఆ తర్వాత గవర్నర్‌పేటలో మా గది మెట్లు ఎక్కలేదు.

తప్పు నాదేం కాదు. ఆటకి వేగం ముఖ్యం.

జూన్ 7
బక్రీద్. ఏటా బిర్యానీ డబ్బా నస్రీనే తెస్తుంది. నేను మూత తీసి, రెండు ముద్దలు తిని, ఎలా ఉందో చెప్పేదాకా కదలదు. ఈసారి వాళ్ళ నాన్నగారు తెచ్చారు. "అమ్మాయికి కాస్త నలతగా ఉందమ్మా..." ఆయనకి అబద్ధమాడటం రాదు. మొహం పక్కకి తిప్పుకున్నారు.

తిన్నాను. బాగుంది. చెప్పడానికి ఎదురుగా ఎవరూ లేరు.

జూన్ 8
డబ్బా కడిగి బల్ల మీద పెట్టాను. "ఖాళీ డబ్బా తిరిగివ్వకు, తెలుసుగా" — అమ్మ, ఫోన్లో. తెలుసు. ఏం పెట్టివ్వాలో తెలియదు.

జూన్ 9
పెట్టెలు తోసే ఆట. గదిలో పెట్టె, పెట్టెలో గది. చివర్లో పెట్టె అడుగుతుంది, "నేనెవరిని?" అని. పెట్టెవి. ఇంకెవరివి? తయారుచేసినవాడు కింద ఒక ముక్క రాసుకున్నాడు, ఇది ఒంటరితనం గురించిన ఆట అని. ఒంటరితనం కాదు నాయనా, నీకు మనిషిని గీయడం చేతకాదు.

ఇది రాసి కాసేపు ఆగాను... మాది వేరు. మాది వేరే.

జూన్ 11
బాబాయి ఆఫీసు పని మీద వచ్చాడు. సంచీడు మామిడికాయలు, ఇంకా పండలేదు. కూచిపూడి వైపు కాలవ మీద లస్కరు ఆయన. ఇరవై ఎనిమిదేళ్ళుగా తూములు ఎత్తడం, దించడం. మా ఆటని ఆయనకంటే ఎవడు పొగుడుతాడు? కూర్చోబెట్టి మౌస్ చేతికిచ్చాను.

"ఇది ఎవరి చేను?"

"పదకొండో చేను బాబాయ్."

"అదేనే, ఎవరిదీ అంట?"

"ఎవరిదీ కాదు. నంబరంతే."

తెరకి దగ్గరగా వంగాడు. "శివారు చేను కదే ఇది, కాలవ చిట్టచివర? నీళ్ళందకపోతే ఆడు గట్టు మీదకొచ్చి అరవడా? ఆళ్ళావిడ తూము దగ్గర కూచోదా?"

"ఎవరూ రారు. తూములెత్తడమే."

"మరెట్టా ఎత్తమంటావమ్మా? మాకు నంబర్లుండవు, మనుషులే. అరుపుని బట్టేగా ఎవరికందలేదో తెలిసేది. మనిషే లేకపోతే నీళ్ళెవరికి వదలను?"

మౌస్ కింద పెట్టేశాడు. ఒక్క తూమూ ఎత్తలేదు. టీ తాగి వెళ్ళిపోయాడు.

ఒళ్ళు మండింది. పల్లెటూరి మనిషికి ఏం తెలుసు అని కూడా అనుకున్నాను. అనుకున్నాను కాబట్టి రాస్తున్నాను.

జూన్ 12
గురివింద గింజకి తన కింద నలుపు తెలియదట. దీవివాణ్ణి తిట్టాను. పెట్టెలవాణ్ణి తిట్టాను. వాళ్ళకి మనుషుల్ని గీసిచ్చేవాళ్ళు దొరకలేదేమో. నాకు దొరికింది. నేనే పంపేశాను.

సిగ్గుగా ఉంది.

జూన్ 13
నస్రీన్ బొమ్మలు తెరిచాను. నలభై మొహాలు. చెవి మీద బీడీ పెట్టుకున్న ముసలాయన. లుంగీ పైకి కట్టి పక్కవాడి మీదికి పోతున్నవాడు. తల మీద తువ్వాలు వేసుకుని, నోరు తెరిచి అరుస్తున్న ఒకావిడ, చేతిలో క్యారేజీ... పదకొండో చేను ఈవిడదేనా? ఎవరిది ఏ చేనో నస్రీన్ అన్నీ తన నోట్‌బుక్కులో రాసుకుంది. ఒకరోజు నాకు చదివి వినిపించింది కూడా. నేను ఇయర్‌ఫోన్స్ తీయలేదు.

జూన్ 14
రేపే గడువు. మనుషుల్ని మళ్ళీ పెట్టాలంటే రేపటికి అవదు. పెట్టకుండా పంపేయొచ్చు, ఒక్క నొక్కు... చెయ్యి రావడం లేదు.

నస్రీన్‌కి రెండుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు.

బాబాయి చేశాడు. "ఏమ్మా, ఆ పదకొండో చేను ఎవరిదో కనుక్కున్నావా?"

"లేదు బాబాయ్."

"కనుక్కో మరి. పాపం ఎండిపోతా ఉంటది."

మామిడికాయలు పండాయి. కడిగిన డబ్బాలో సర్దాను. ఆటో పిలిచాను, కింద ఆగి ఉంది. తలుపు తీస్తుందో లేదో... తీసినా ముందు ఏమనాలి? ఆట గురించి కాదు. బిర్యానీ బాగుంది అనాలి, వారం ఆలస్యంగా.

బాగా పండినవి ఏడు. మూత పడటం లేదు. ఒకటి తీసేస్తే పడుతుంది.

తీయను.