గొర్రెల పుస్తకంలో లేని మాట

గ్రేసూ,

నాలుగు పుస్తకాలూ మామ సంచిలో తిరిగొస్తున్నాయి, చూసుకో. డిటెక్టివ్ నవల చివరి పేజీలు ఎవరో చింపుకుపోయారు. హంతకుడెవరో ఇరవయ్యో పేజీలోనే తెలిసిపోయింది కాబట్టి నష్టం లేదు. వంటల పుస్తకం రాసినామె పొయ్యి ముందు కూర్చున్న మనిషి కాదు. జొన్నపిండిలో చన్నీళ్లు పోసి రొట్టె చెయ్యమంటుంది. వ్యక్తిత్వ వికాసం పుస్తకమైతే, తలుపు తెరిస్తే లోకమంతా మీదేనని వంద పేజీలు చెప్పింది. రాసినాయన ఎన్నడూ ఒకింటి కోడలు కాలేదు. ప్రేమ నవల మాత్రం ఏడిపించింది. కథ బాగుండి కాదు, అందులో పిల్ల మాటిమాటికీ బస్సెక్కుతుంది.

ఇన్నాళ్లూ నీతో అబద్ధమాడాను. లైబ్రరీకి రానిది తీరిక లేక కాదు. పెళ్లైన కొత్తలో వచ్చి నీ దగ్గర రెండు గంటలు కూర్చున్నానే, ఆ వారమే మా ఆయన పరమేష్, "నేను షాద్‌నగర్ల డ్యూటీ చేస్తుంటె నువ్వు దేవరకొండల తిరుగుతున్నవా? ఇంకోసారి గడప దాటితె మంచిగుండదు" అన్నాడు. రెండేళ్లయింది. వంటిల్లు, గొర్రెల దొడ్డి, అంతే నా లోకం. డిగ్రీ చదివినదాన్ని, మామ దేవరకొండ అంగడి నుంచి తెచ్చే సంచి కోసం గడపలో నిలబడి చూస్తాను. పాపం ఆయనకు అక్షరం రాదు. పుస్తకాలు మోస్తాడు గానీ కొడుక్కు ఎదురు చెప్పడు. నాకు ఊపిరాడటం లేదు గ్రేసూ.

ఈసారి బస్సులు లేని పుస్తకం పంపు.

నీ స్నేహలత

*

గ్రేసూ,

ఇది లైబ్రరీలో నీ కుర్చీలో కూర్చుని, నీ పెన్నుతో రాస్తున్నాను. నువ్వు భోజనానికి వెళ్లావట.

బస్సులు లేని పుస్తకమంటే గొర్రెల జబ్బుల పుస్తకం పంపుతావా? ఇంత చప్పటి పుస్తకం నేను చదవలేదు. మొదటి పేజీ నుంచి చివరిదాకా పారుడు రోగమే. అయినా మా మందలో పదకొండు గొర్రెలు పడకేశాయి కాబట్టి మామకు రోజూ చదివి వినిపించాను. మొన్న చదువుతూ చదువుతూ ఒక వాక్యం కలిపాను: "ఈ పుస్తకం చదివినవారే స్వయంగా పశువుల దవాఖానకు వెళ్లి లక్షణాలు చెప్పవలెను."

మామ తల పైకెత్తి నన్ను చూశాడు. పట్టుబడితే పుస్తకాలు కూడా బంద్ అవుతాయని చచ్చేంత భయపడ్డాను. ఆయన ఫోన్ తీసి కొడుక్కు చేశాడు. "రేపు కోడల్ని దవాఖానకు తీస్కపోతున్న. గొర్లు బతకాల్నా వద్దా?" అని, జవాబు వినకుండా పెట్టేశాడు.

ఇవ్వాళ బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టి మెల్లగా అడిగాడు.

"బిడ్డా, గా ముక్క పుస్తకంల లేదు గదా?"

"నీకెట్ల తెలుసు మామా?"

"సదివేటప్పుడు నీ సూపు కాయితం మీదుంటది. గా ఒక్క మాటకు తలుపు దిక్కు సూసినవ్."

నేను తల దించుకుని ఏడ్చాను.

ఆదివారం పరమేష్ వస్తాడు. ఏమంటాడో తెలియదు. మామ మందుల సంచితో బయట మెట్ల మీద కూర్చున్నాడు. గొర్రెల పుస్తకం ఈరోజు వాపసు ఇవ్వడం లేదు, రాసుకో. ఆయన వద్దన్నాడు.

"అప్పుడే ఇయ్యకు బిడ్డా. గా పుస్తకంల నువ్వు సదివేది ఇంక శాన ఉన్నది."

స్నేహలత