నీళ్లకు బదులు పాలు

కోస్గి.
చిరంజీవి స్వర్ణకు,

మొదటి జీతంతో నాకు కాఫీ మిషను కొనిస్తానని మీ నాయిన మాటిచ్చి తప్పాడు. ఆనాడు తెగిన మాటలు మళ్లీ కలవలేదు. నా పళ్లూడాక నువ్వు పంపిన కాఫీ కాచే కరెంటు పర్కొలేటర్ క్షేమంగా చేరింది.

చాయ్ అలవాటున మీ చిన్నమ్మ గుర్వమ్మ అందులో నీళ్లకు బదులు పాలు పోసి, అల్లం వేసింది. పొంగి బల్లంతా పారింది. “పాలు పొయ్యకుంటె కాఫీ ఎట్లయితదయ్యా?” అని నన్నే దబాయించింది. కడిగి, ఈసారి నీళ్లతో కాచాం. ఇన్నాళ్లూ పుస్తకాల్లోనే చదివిన వాసన ఇల్లంతా నిండింది. చల్లగుండు బిడ్డా.

బరక పొడి పంపు, మెత్తటిది జల్లెడలోంచి జారుతోంది. నీ కాలినొప్పి తగ్గిందా? మీ నాయినను తీసుకురానా అని అడిగావు. తీసుకురా, మొదటి కప్పు ఆయనకే పోస్తాను. మాట తప్పింది మాత్రం ఇప్పటికీ మా అన్న బుచ్చయ్యే.

నీ చిన్నాయిన
భిక్షం