మంచి గడియలో పుట్టిన బిడ్డ

అమ్మకు సుజన నమస్కరించి రాస్తున్నది. కడపలో నేనూ మీ అల్లుడు హనుమేషూ బాగున్నాం. ఆదోనిలో నువ్వూ నాన్నా కులాసాగా ఉన్నారనుకుంటాను. ఫోనులో అయితే మధ్యలో నువ్వు ఏడుస్తావు, నేను కోప్పడతాను. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

నాన్న మోకాలికి వేడి కాపడం చాలు, ఊళ్లో ఎవరో వేస్తామన్న ఇంజెక్షన్లు వద్దు. ఇక మారెన్న మామ కూతురు శివజ్యోతి బిడ్డ ఎలా పోయిందని అడిగావు. దేవుడు తీసుకుపోయాడని ఆమె అత్త మహాదేవమ్మ వేంపల్లెలో చెప్పుకుంటోందట. వింటే ఒళ్లు మండింది.

శివజ్యోతికి నొప్పులు రాలేదు, నెలలూ నిండలేదు. పంతులు పెట్టిన ముహూర్తానికే ఆపరేషన్ చేసి బిడ్డను తీయమని మహాదేవమ్మ మా ఆస్పత్రికి వచ్చింది. బిడ్డకు ఊపిరితిత్తులు ఇంకా గట్టిపడలేదు, ఆగమని పిల్లల డాక్టరుగా చెప్పాను.

"ఆ గంటలో పుడితే రాజయోగం ఉండాదంటమ్మా" అంది ఆమె.

మా పెద్ద డాక్టరు నవ్వి సరేనన్నాడు. అవసరం లేదని నాకెంత తెలుసో ఆయనకూ అంతే తెలుసు.

ఆడబిడ్డ. ఏడ్చింది గానీ ఊపిరి అందలేదు. మిషను పెట్టినా సాయంత్రానికి నీలంగా మారింది. అప్పుడు పెద్ద డాక్టరు సర్కారు ఆస్పత్రికి పంపించేయమన్నాడు. దారిలో తట్టుకోలేదు, వద్దని బతిమాలాను.

"ఈడ పోతే మన లెక్కలోకి వస్తాదమ్మా" అన్నాడు.

అంబులెన్సులో నా ఒళ్లోనే పోయింది.

రెండు రోజులకు శివజ్యోతి నన్ను పిలిచి అడిగింది. "వదినా, ఏ గడియలో పుట్టినాదో అందరూ చెప్తాండారు. బిడ్డ ఎట్లుండాదో ఒక్కరూ చెప్పల్యా." చామనచాయ, నీలాగే పెద్ద కళ్లు అని చెప్పాను.

పోయిన వారం ఆస్పత్రి పెట్టి ఇరవై ఏళ్లయిందని సభ పెట్టారు. ఇన్నేళ్ల కాన్పుల సంగతి చెప్పే పని నాకిచ్చారు. మొదట్లో పది కాన్పుల్లో రెండే ఆపరేషన్లు. అవి అవసరమైనవి, వాటితో పురిటి బిడ్డల చావులు సగానికి తగ్గాయి. ఇప్పుడు పదిలో ఏడు ఆపరేషన్లే. చావులు ఇంకా తగ్గుతున్నాయని గోడ మీద పెద్ద బొమ్మ వేశారు. సర్కారు ఆస్పత్రిలో పనిచేసే డాక్టరు లేవిని అడిగి, మేము పంపించేసిన బిడ్డలనూ కలిపి చూశాను. పదేళ్లుగా చావులు ఏమీ తగ్గలేదు. ఆ మాటే మైకులో చెప్పాను. అందరూ పక్కన బిర్యానీ వడ్డిస్తున్నారని లేచి వెళ్లారు. చేతులు కడుక్కుంటూ నవ్వుకుంటున్న వాళ్లను చూసి నేను తినకుండా వచ్చేశాను. మరునాడే నన్ను రావద్దన్నారు. పిలిచినా మళ్లీ ఆ గడప తొక్కను.

ఇన్నాళ్లూ నీకు చెప్పని మాట ఒకటుంది. నాకు నాలుగో నెల. చెబితే సంతోషంతో నువ్వూ పంతులు దగ్గరికి పరుగెత్తుతావని దాచాను. అవసరమైతే ఆపరేషన్ చేయించుకుంటాను, అది నా ప్రాణానికో బిడ్డ ప్రాణానికో అవసరమైతేనే. డాక్టరునైనా భయంగా ఉందమ్మా. ఆ బిడ్డ బరువు ఇంకా నా ఒళ్లో ఉన్నట్టే ఉంది. ఎవరినీ మంచి గడియ అడగకుండా, నువ్వు రా.

ఇట్లు,
నీ కోసం ఎదురుచూసే కూతురు
సుజన