పాడె దిగాక నవ్వాలి

చిరంజీవి బులుకి, నైహాటి నుంచి నాన్న దీవించి రాసేది. ఇక్కడ అందరం క్షేమం. నువ్వూ, అల్లుడూ, పాపా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

అన్నయ్య సినిమా అయిందా, వేళకు తింటున్నాడా అని అడిగావు. అయినట్టే, కాస్త మిగిలింది. తిండి సంగతి తర్వాత రాస్తాను. వాడి మొదటి సినిమా వారం ఆడనప్పుడు జనపనార మిల్లులో నన్ను ఎగతాళి చేసినవాళ్లే, విదేశంలో పతకం వచ్చాక మిఠాయి అడిగారు. నేను పెట్టలేదు. వాడి సినిమాలు నాకు అర్థం కావు. అందరూ కిటికీలోంచి చూస్తూ కూర్చుంటారు. అయినా నా కొడుకు తీసినవి.

కాళీపూజనాడు గంగ ఒడ్డున చివరి సీను పెట్టారు. శవం వేషం వేయాల్సినవాడు అమావాస్యపూట పాడె ఎక్కనని మొండికేశాడు.

"నేను పడుకుంటానురా, ఈ వయసులో నాకేం భయం?" అన్నాను.

"నువ్వొద్దు నాన్నా. దూరం నుంచి తీసేదే, ఎవరైతేనేం" అని మీ అన్నయ్యే పడుకున్నాడు. కళ్ల మీద తులసాకులు పెట్టారు. నేను చూశాను.

శవం వేషం వేసినవాడు పాడె దిగగానే కెమెరా వైపు చూసి నవ్వాలి. ఆ నవ్వు తీస్తేగాని వేషం వదలదని సినిమావాళ్ల నమ్మకం.

"దాదా, ఒక్కసారి నవ్వేయండి, ఇళ్లకు పోదాం" అన్నాడు కెమెరా పట్టే హారాధన్.

"మీ పిచ్చి మీది. సరే, తియ్యి" అని నవ్వబోయాడు. దగ్గొచ్చింది. పంచె మీద నెత్తురు పడింది.

పైన క్షేమం అన్నది అలవాటుకొద్దీ రాశాను. పూజలకు ముందు నుంచే నెత్తురు పడుతోంది. అన్నం ముద్ద దిగడం లేదు. నీకు చెప్పొద్దని వాడు వేయించుకున్న ఒట్టు ఇవాళ తీసి గట్టు మీద పెట్టాను. డాక్టరు ఆస్పత్రిలో చేరమంటే సినిమా అయ్యాకే అంటాడు. నవ్వు తీయనిదే సినిమా అయినట్టు కాదని హారాధన్ కూర్చున్నాడు. రోజూ కెమెరా పెడుతున్నారు. రోజూ దగ్గే.

చిన్నప్పుడు నువ్వు చేపలమ్మే మోక్షదా నడక నడిస్తే, వాడు అన్నం పొలమారేదాకా నవ్వేవాడు. వచ్చి ఆ నడక నడువు. ఏడుపు మొహంతో గుమ్మం ఎక్కావో, ఊరుకోను.

పాడె ఇంకా విప్పలేదు. రేవు మెట్ల మీదే ఉంది. దాన్ని ముట్టుకోవడానికి ఎవరికీ చేతులు రావడం లేదు.

ఇట్లు,
ఎవరినీ ఎన్నడూ బతిమాలని
నీ నాన్న