టార్చి అరిస్తే బయటికి రావలసింది మీరు

అత్తయ్య గారూ,

నిన్న పన్నెండు టార్చి లైట్లతో మీ ఇంటికొచ్చాను, పదకొండు మాత్రమే సంతకు తీసుకెళ్తున్నాను. పన్నెండోది మీ పడక పక్కన మేకుకు తగిలించాను. దాన్ని అక్కడి నుంచి కదపకండి.

అది వెలుగొక్కటే ఇవ్వదు. పొయ్యిలో బొగ్గు దిమ్మల విషపు గాలి గదిలోకి వస్తే అరుస్తుంది. ఆ గాలికి వాసన ఉండదు, కాబట్టి మీ ముక్కును నమ్ముకోకండి.

నిన్న సాయంత్రం అది అరిస్తే మీరేం చేశారు? "వేడెక్కి ఏడుస్తోంది" అని తీసుకెళ్ళి పెరట్లో సోయా సాస్ ఊరబెట్టే జాడీ మీద పెట్టారు. మంచులో అది ఊరుకోగానే, "చూశావా గ్వాక్ అల్లుడూ, అమ్మడం నీకొచ్చు, దాని వైద్యం నాకొచ్చు" అన్నారు. నేను వెళ్ళి చూస్తే పొగగొట్టం ఊడి ఉంది. చలికని తలుపు, కిటికీ సందులన్నీ మీరు కాగితంతో మూసేశారాయె. గొట్టం బిగించాను. కిటికీ పైన కాగితం చింపాను, మళ్ళీ అంటించకండి.

ఇకమీదట అది అరిస్తే దాన్ని పట్టుకుని మీరే బయటికి రండి. దారి అదే చూపిస్తుంది. తర్వాత పక్కింటివాళ్ళను పిలవండి.

అల్లుడికని కోడిని కోసి నాకు మెడ ముక్క వేసిన సంగతి మీ అమ్మాయికి చెప్పనులెండి.

గ్వాక్

మరచాను: కాగితం చింపానని ఈ పొద్దున వృద్ధుల సావడికి వెళ్తూ వీధి మలుపు దాకా తిట్టారు. గొంతు ఖంగుమంది. ఈ ప్రయాణంలో నాకు మిగిలిన లాభం అదే.